పుట్టగొడుగు – కుక్కగొడుగు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

రజతోత్సవ సభలలో విద్య యొక్క మహిమను గూర్చియు, గ్రంథ పఠనము వలని లాభములను గూర్చియు ప్రసంగించుట వాడుక. నాకంటె ముందు మాటలాడిన పెద్దలు ఆ పనిని చక్కగా నెరవేర్చిరి. నేను కూర సంగతి చెప్పుటకు వచ్చితిని. ఏ విషయమును గూర్చి మాటలాడెదరని కార్యదర్శిగారు అడిగినపుడు 'పుట్టగొడుగులు' అని చెప్పితిని. వారు మొదట నవ్విరి. పిమ్మట కొంచెము ఆలోచించి, "మా ఇంట్లోనూ తింటామండీ. కాని ఏది మంచిదో ఏది చెడ్డదో మా అమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు" అనిరి. ఆ మాటయే నేడు నన్నీ వేదిక యెక్కించినది. ఊరికి నలుగురైదుగురు వృద్ధ స్త్రీల చేతివ్రేళ్ళయందున్న ఈ జ్ఞానము ఏ పుస్తకమునకును ఎక్కకుండగనే పోవుచున్నది. పుట్టగొడుగులు మాత్రము ఏటేటను మొలచుచునే యున్నవి. పిల్లలు వానిని కోసికొని వచ్చుచునే యున్నారు.

తొలకరి పడి నేల చల్లబడి, ఉసిళ్ళు దీపముల చుట్టు ముసిరి రెక్కలు రాల్చుకొన్న పిమ్మట, ఆరుద్ర మొదలు ఆశ్లేష వరకు ఏదో యొక తెల్లవారుజామున పుట్టల ప్రక్కను, పొలము గట్ల మీదను తెల్లని గొడుగులు విచ్చుకొని కనబడును. ముందటి సాయంకాలము అక్కడ ఏమియు ఉండదు. ఉరుము ఉరిమినచో ఇవి మొలచునని మనవారి నమ్మకము. ఉరుముతో వాన వచ్చును, వానతో గొడుగు వచ్చును గనుక ఆ నమ్మకమును నేను పెద్దగా ఆక్షేపింపను. కొన్ని తావులలో వీనిని పుట్టకొక్కులందురు. తినదగనివని తోచినవాని నన్నిటిని కలిపి కుక్కగొడుగులని త్రోసివేయుట మనకు అలవాటు. పేర్లు రెండే. చిక్కంతయు ఏ గొడుగునకు ఏ పేరు పెట్టవలెనో తెలియుటలో నున్నది.

ఈ చిక్కులో నేను స్వయముగ పడితిని. ఆ కథ చెప్పుకొనుట నాకు గౌరవప్రదము కాకపోయినను, చెప్పక తప్పదు.

1974వ సంవత్సరము శ్రావణ మాసము. నేను కళాశాలలో వృక్షశాస్త్రము చదివి, పాఠశాలలో క్రొత్తగా ఉపాధ్యాయుడనైతిని. ఒక ఆదివారము నాడు చెరువు కట్ట క్రింద పశువులు మేయు పచ్చిక బయలులో జానెడు వెడల్పు గల తెల్లని గొడుగులు, ఎవరో గీత గీసి నాటినట్లు, గుండ్రముగా వరుస తీరి నిలిచియుండుట చూచితిని. చేతిలో చాకు ఉన్నది. నేలబారుగ చకచక కోసి తువ్వాలు నిండ మూటగట్టి ఇంటికి తెచ్చితిని. మా అమ్మ మూట విప్పి చూచి, "ఎక్కడ కోశావురా? పుట్ట దగ్గరేనా?" అని అడిగినది. "గొడుగు గొడుగే కదా అమ్మా, పుస్తకంలో బొమ్మ ఇలాగే ఉంది" అని చదువుకొన్నవాని ధీమాతో జవాబు చెప్పితిని. ఆమెకు సందేహము తీరలేదు. పెట్టెలోని పాత వెండి రూపాయ తీసి కూరలో వేసి ఉడికించినది. రూపాయ నల్లబడలేదు. అందరము తింటిమి.

రెండు గంటలు గడవకముందే నాకు కడుపులో త్రిప్పుట మొదలైనది. పిమ్మట అమ్మకు. అందరికంటె ఎక్కువగా, పన్నెండేండ్ల మా చెల్లెలికి. వాంతులు, విరేచనములు, ఒడలంతయు చెమట. అర్ధరాత్రి ఎడ్లబండి కట్టించుకొని పట్టణమునకు పోవుసరికి దాని కన్నులు లోతుకు పోయినవి. పిలిచినను పలుకుట లేదు. సెలైను ఎక్కించి రెండు దినములుంచుకొని పంపిరి. దైవానుగ్రహము వలన బ్రతికినది. నేటికిని ఆమె మా ఇంటికి వచ్చినచో, పుట్టగొడుగుల కూర వండిన గిన్నెలో వండిన వంకాయ కూరను గూడ ముట్టదు.

ఇంటికి తిరిగి వచ్చిన దినమున ఒక వింత చూచితిని. నేను కోసి తెచ్చినవానిలో ఒక గొడుగు కిటికీ దగ్గర పాత వార్తాపత్రిక మీద బోర్లపడి మిగిలిపోయినది. దానిని ఎత్తి చూడగా, పత్రిక అక్షరముల మీద బూజుపట్టిన రాగి చెంబు వంటి మసక ఆకుపచ్చ పొడి, చక్రపు ఆకుల వలె గీతలు గీతలుగ రాలియున్నది. దాని అర్థము నాకప్పుడు తెలియలేదు.

మరుసటి వారము మా వీధికి పుట్టగొడుగులు అమ్మవచ్చు యానాది అవ్వ గంప దింపినది. మా అమ్మ తలుపు చాటు నుండియే వద్దన్నది. సంగతి విని అవ్వ పెంటకుప్ప మీది మా గొడుగు మిగులును కాలితో త్రిప్పి చూచి, "దీనికి వేరేది నాయనా?" అని అడిగినది. పిమ్మట తన గంపలోని దానినొకదానిని నా చేతబెట్టి, "ఇదిగో, ఇది పుట్ట లోపలి నుంచి వచ్చింది. దారి తెలుసుకోకుండా నెత్తి మాత్రం కోసుకొస్తే ఎట్టా?" అన్నది. అరచేతి వెడల్పు గొడుగు. దాని క్రింద వ్రేలి లావు కాడ. కాడ క్రింద మూరెడు పొడవున క్రమక్రమముగ సన్నబడిన, మట్టి అంటిన తోక. నా పట్టా ఆ తోక ముందు చాలా చిన్నదైపోయినది.

ఆ తోక సంగతి కొంచెము వివరించెదను. ఈ విషయమందెల్ల రమ్యమైనది అదియే. మనము పుట్టగొడుగని కోయునది నిజమునకు ఒక ఫలము మాత్రమే. అసలు జీవి సన్నని నూలు పోగుల వలె నేలలోనో, కుళ్ళిన కట్టెలోనో అల్లుకొని మన కంటబడక యుండును. పుట్టగొడుగు విషయములో ఆ అల్లిక ఉన్నచోటు చెదపురుగుల ఇల్లు. చెదలు ఎండుటాకులు, పుల్లలు, గడ్డి తెచ్చి నమలి మ్రింగును గాని, వానిలోని గట్టి పదార్థమును తామే పూర్తిగా జీర్ణించుకొనలేవు. కావున సగము జీర్ణమైన దానిని విసర్జించి, పుట్ట గదులలో తేనెపట్టు వంటి బెండుగూళ్ళు కట్టును. ఆ గూళ్ళ మీద ఈ శిలీంధ్రము పెరిగి ఆ కట్టె సారమును మెత్తపరచును. దాని మీద పుట్టు తెల్లని ఆవగింజల వంటి ముద్దలను, పక్వమైన గూటిని చెదలు తినును. మనిషి నాగలి పట్టుటకు ఎన్నియో యుగములకు ముందే, సుమారు మూడు కోట్ల సంవత్సరముల క్రిందటనే, చెద ఈ వ్యవసాయము నారంభించినదని శాస్త్రజ్ఞుల లెక్క. ఈ జాతికి 1942లో రోజర్ హైమ్ అను ఫ్రెంచి శాస్త్రవేత్త 'టెర్మిటోమైసిస్' అని పేరు పెట్టెను. చెదల శిలీంధ్రమని దాని భావము. దక్షిణ భారతమున దొరకు ఒక రకమునకు ఆయన పేరు మీదుగ 'టెర్మిటోమైసిస్ హైమై' అని 1979లో నామకరణము జరిగినది.

వానలు పడి నేల నానినపుడు ఆ బెండుగూటి నుండి మొలక బయలుదేరి, మూరెడు మన్నును చీల్చుకొని పైకి రావలెను. అందువలన దానికి రెండు గుర్తులు తప్పవు. ఒకటి, గూటి నుండి నేల వరకు సాగిన తోక. రెండవది, మన్నును చీల్చుటకు పనికివచ్చు గట్టి ములుకు. గొడుగు నడినెత్తిన బొడిపె వలె, చుట్టునున్న చర్మముకంటె ముదురు రంగున, వ్రేలితో నొక్కిన గట్టిగా తగులును. గొడుగు విచ్చుకొన్న తరువాతను ఆ బొడిపె పోదు. ఈ రెండును దాని పుట్టుక యందే ఉన్న గుర్తులు, కావుననే నమ్మదగినవి.

ఈ చెదల వ్యవసాయమును మనుష్యులు ఇంతవరకు తమ చేతిలోనికి తీసికొనలేకపోయిరి. వరిగడ్డి పుట్టగొడుగులను 1943లోనే కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో పెంచి చూపిరి; నేడు తెల్ల బొత్తాము గొడుగులు, చిప్పగొడుగులు ప్రతి పట్టణపు అంగడిలోను దొరకును. పుట్టగొడుగు మాత్రము చెద లేనిదే మొలవదు. పుట్టను త్రవ్వి పాడుచేసినవానికి మరుసటి యేడు కూర ఉండదు. మా అవ్వ గొడుగును పెకలించిన తరువాత ఆ రంధ్రమును మన్నుతో పూడ్చి కాలితో అదిమెడిది.

ఇక నన్ను మోసగించిన గొడుగు సంగతి. దాని శాస్త్రీయ నామము 'క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్'. ఆకుపచ్చ రేకుల గొడుగని చెప్పుకొందము. ఉష్ణదేశములలో పుట్టగొడుగులు తిని వాంతుల పాలగువారిలో పెక్కుమందికి ఇదియే కారణము. ఇది పుట్టలను ఆశ్రయించినది కాదు. పశువుల పేడ పడిన పచ్చిక బయళ్ళలోను, తోటలలోను, బడి మైదానములలోను వానల తరువాత లేచును. తరచుగ చక్రాకారముగ మొలచును. చూచుటకు ఎంతో అందముగ నుండును; మన పుట్టగొడుగుకంటె అందమైనదని నా అభిప్రాయము. గొడుగు మీద గోధుమ వన్నె పొలుసులు చెదరియుండును. నడినెత్తిన అదే వన్నె మచ్చ యుండును గాని, మన్ను చీల్చు గట్టి ములుకుండదు. కాడకు వలయముండును, ముదిరిన దానిలో ఆ వలయము ఉంగరము వలె పైకి క్రిందికి జరుగును. కాడ మొదలు కొంచెము ఉబ్బి అక్కడితో ముగియును. తోక లేదు. ఇవన్నియు చెప్పినంత సులువుగా కనబడునవి కావు. ఏలననగా లేతదానిలో గొడుగు క్రింది రేకులు అచ్చము పుట్టగొడుగు రేకుల వలె తెల్లగనే యుండును. ముదిరిన పిమ్మట గాని అవి పచ్చబారవు. నేను కోసినవి లేతవి.

అయితే దీనిని పట్టి ఇచ్చు పరీక్ష యొకటి కలదు. మా ఇంట కిటికీ వద్ద నాకు తెలియకయే జరిగిన పరీక్ష అదియే. గొడుగు కాడను రేకుల వద్దకు కోసివేసి, సగము తెల్లగను సగము నల్లగను ఉన్న కాగితము మీద రేకులు క్రిందికి వచ్చునట్లు బోర్లించి, మీద ఒక గిన్నె మూయవలెను. రాత్రి పెట్టినచో తెల్లవారుసరికి బీజముల పొడి కాగితము మీద రాలియుండును. పుట్టగొడుగుది మీగడ వన్నెలో కొంచెము గులాబి చాయ కలిసినది. నన్ను మోసగించినది మసక పచ్చ. వరిగడ్డి గొడుగుది ఇటుక చాయ గల గులాబి. నేను మరియొక జాతిని గూర్చి చెప్పబోవుచున్నాను. దానిది శుద్ధమైన తెలుపు, నల్ల కాగితము మీద గాని కనబడదు. ఒక్క రాత్రి కూర ఆలస్యమగునని దీనిని విసుగుకొనువారు కలరు. పుట్టగొడుగులు నిలువ ఉండవు, మరునాటికి మెత్తబడును, నిజమే. ఒకటి రెండు గొడుగులను పరీక్షకు పెట్టి, ఆ యేటి కూర పోయినను, ఆ చోట మొలచునదేదో తెలిసికొని మరుసటి యేడు తినవచ్చును. అంతేగాని పొడి రంగు సరిపోయినంత మాత్రమున తినవచ్చునని నా భావము కాదు. తోక, ములుకు, రేకులు, పొడి, చోటు, అన్నియు ఒక్క మాట చెప్పవలెను. ఒక్కటి అడ్డము తిరిగినను పారవేయుడు.

పుట్ట మీద మొలచినదెల్ల పుట్టగొడుగు కాదని గూడ చెప్పవలెను. చెదలు విడిచిపోయిన పాత పుట్టల నుండి నల్లని పుల్లల వంటి శిలీంధ్రములు లేచును. అది వేరు జాతి. నేలలో పూడిన కట్టె నుండి మొలచు కొన్ని గొడుగులకును తోక యుండును. తోక చివర బెండుగూడు ఉన్నదా, కుళ్ళిన వేరు ఉన్నదా అని చూడవలెను. గోరంత చిన్నవిగా వందల కొలది ఒక్కచోట తెల్లని పేలాలు చల్లినట్లు లేచు పుట్టగొడుగులు కలవు. చెదలు బయటకు త్రోసివేసిన గూటి ముక్కల నుండి అవి మొలచును గనుక వానికి పొడవైన తోక యుండదు. చాల రుచికరమైనవి. కాని వానిని పోలిన చిన్న గొడుగులు పెక్కు గలవు గనుక, యాబది యేండ్లుగ ఈ విషయమును పట్టుకొని తిరుగుచున్నను, నా యంతట నేను వానిని కోసి తినను. తెలిసినవారు తెచ్చినపుడు తిందును.

ఇంతవరకు చెప్పినది కడుపు సంగతి. ఇక ప్రాణము సంగతి. 'అమానిటా' అను జాతిలో కొన్ని గొడుగులు ప్రపంచమునందలి పుట్టగొడుగు మరణములలో అధిక భాగమునకు కారణములు. వానిలో 'అమానిటా ఫాలాయిడిస్' అను దానిని మృత్యుగొడుగందురు. దాని సోదరులలో కొన్ని పాలవలె తెల్లనివి. వీని రేకులు తెలుపు, పొడి తెలుపు, కాడకు వలయము. కాడ మొదట నేలలో ఒక సంచి వంటి గిన్నె. ఆ గిన్నె మట్టిలో నుండును. నా వలె చాకుతో నేలబారుగ కోసినవానికి అది కనబడదు, నేలలోనే నిలిచిపోవును. పుట్టగొడుగునకు తోక ఎట్లో, దీనికి గిన్నె అట్లు. మంచిదాని గుర్తును, చెడ్డదాని గుర్తును రెండును మన్ను క్రిందనే యున్నవి. కావున తెలియని గొడుగును ఎన్నడును కోయరాదు. మొదలంట త్రవ్వి తీయవలెను.

దీని విషము పోకడ మోసకరమైనది. తిన్నపుడు రుచిగనే యుండును. ఆరు గంటలు మొదలు పండ్రెండు గంటల వరకు, ఒక్కొక్కపుడు ఇంకను ఆలస్యముగ గూడ, ఏమియు తెలియదు. పిమ్మట వాంతులు, నీళ్ళ విరేచనములు పట్టుకొనును. ఒక దినము గడచిన తరువాత అవి తగ్గుముఖము పట్టును. రోగి లేచి కూర్చుండి అన్నము అడుగును. ఇంటివారు గండము గడచినదని దేవునికి దండము పెట్టుకొందురు. ఆ సమయముననే లోపల కాలేయము చెడిపోవుచుండును. మూడవ నాడో నాలుగవ నాడో కామెర్లు కనబడును. ఉడికించినను, వేయించినను, ఎండబెట్టినను ఈ విషము విరుగదు. 2022 ఏప్రిల్‌లో అస్సాము తూర్పు భాగమునందలి తేయాకు తోటల ప్రాంతములలో అడవి గొడుగులు తిని ఆసుపత్రి పాలైనవారిలో పదముగ్గురు మరణించిరి. వారును మనవలె వానకాలపు కూరను కోసికొని వండుకొన్నవారే.

మా అమ్మ వెండి రూపాయ సంగతి మరువకుడు. వెండి నల్లబడుట గంధకము వలన. పైన చెప్పిన విషములకును వెండికిని సంబంధమే లేదు. వెల్లుల్లి రంగు మారుననియు, బియ్యము మారుననియు చెప్పునది అటువంటిదే. పురుగు కొరికినదానిని మనిషి తినవచ్చునని మరియొక మాట. మృత్యుగొడుగును నత్తలు సుఖముగ తినుచున్నవి. తెల్లనిది మంచిది, రంగుది చెడ్డది అను మాట అన్నిటికంటె ప్రమాదకరము. కడుపు చల్లగ మా చెల్లెలు బ్రతికినది గాని, మేము తిన్నది తెల్లనిదే.

ఇప్పుడు సముద్రములు దాటిన సంగతి ఒకటి. ఈ సభలో అమెరికాలో బిడ్డలున్న తల్లిదండ్రులు పదిమందియైనను ఉందురు. అక్కడ గొడుగులు వేరు, చెట్లు వేరు. మన కన్నులు మాత్రము ఇక్కడివే. మన వరిగడ్డి గొడుగునకును మొదట గిన్నె యుండును. కాడకు వలయముండదు, రేకులు ముదిరి గులాబి యగును. లేత మొగ్గగ నున్నపుడు దానికిని మృత్యుగొడుగునకును భేదము కనుగొనుట కష్టము. వరిగడ్డి గొడుగుల రుచి యెరిగిన ఆసియా దేశస్థులు పరదేశములలో ఇట్లు భ్రమపడి ప్రాణములు కోల్పోయిన సంఘటనలు కలవు. యూరపు చెట్ల వేళ్ళతో కాలిఫోర్నియా చేరిన మృత్యుగొడుగు అక్కడి సింధూర వృక్షముల క్రింద స్థిరపడినది. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో పదునలుగురు దాని వాతబడిరి, వారిలో ముగ్గురికి కాలేయము మార్చవలసి వచ్చినది.

మా చెల్లెలి కుమార్తె అమెరికా తూర్పు భాగమున కాపురమున్నది. కొన్ని యేండ్ల క్రిందట వేసవిలో ఆమె పసుపుపచ్చని గొడుగుల ఛాయాచిత్రమొకటి పంపి, "మామయ్యా, ఇవి షాంటరెల్‌లట, ఇక్కడ బంగారంలా చూస్తారు. వండుకోనా?" అని అడిగినది. ఆ వెనుకనే మా చెల్లెలు, "అన్నయ్యా, నువ్వు వద్దని చెప్పు, నా మాట వినదు" అని పిలిచినది. షాంటరెల్ అనునది యూరపు, అమెరికా అడవులలో పేరుపొందిన గొడుగు. మన హిమాలయ సానువులలోను దాని బంధువులు కలవు. గ్రుడ్డు పచ్చసొన వన్నె, నడుమ గుంట బడిన గరాటు ఆకారము, పండిన ఆప్రికాటు వాసన. దాని ముఖ్య లక్షణము క్రిందిభాగమున నున్నది. అక్కడ రేకులుండవు, చర్మమే ముడుతలు పడి, చీలికలు చీలికలై, కాడ మీదికి జారినట్లుండును. గోటితో గీకినచో రేకు వలె ఊడిరాదు. చీల్చి చూడగా లోపలి కండ తెల్లగ నుండును. అది చెట్ల వేళ్ళతో పొత్తు గూడి నేల మీద మొలచును గాని మొద్దు మీద మొలవదు. దానిని పోలినవి రెండు. ఒకటి దొంగ షాంటరెల్. మెత్తనిది, పలుచని నిజమైన రేకులు దగ్గరదగ్గరగ నుండునది, కుళ్ళు కట్టెను ఆశ్రయించునది. రెండవది జాక్-ఓ-లాంటర్న్ అని పిలువబడు విషపు గొడుగు. మొద్దుల మొదట, పూడిన వేళ్ళ మీద గుత్తులు గుత్తులుగ లేచును. రేకులు కత్తి వాదర వలె పలుచన. కండ లోపల గూడ నారింజ వన్నె. తిన్నవారికి తీవ్రమైన వాంతులు.

నేను ఆ పిల్లను మూడే అడిగితిని. ఎక్కడ మొలచినది? కొట్టివేసిన చెట్టు మొదట, గుత్తిగ. క్రింద ఏమున్నది? రేకులు. చీల్చిన లోపల ఏ రంగు? నారింజ. "చెత్తబుట్టలో వేయవే తల్లీ" అంటిని. ఆ రాత్రి దీపములన్నియు ఆర్పి చీకటికి కన్నులు అలవాటు పడువరకు కూర్చుండగా, ఆ రేకులు మసక మసకగ పచ్చని వెలుగు నీనినవని ఆమె వ్రాసినది. అది ఆ గొడుగు స్వభావమే. ఆ పేరు వచ్చినదియు అందువలననే. మూడు జవాబులును సరిగ వచ్చియుండినను నేను తినుమని చెప్పియుండను. ఛాయాచిత్రము వాసన చూపదు, మన్ను క్రిందిది చూపదు. దూరవాణిలో బొమ్మ చూపగానే పేరు చెప్పు యంత్రములు వచ్చినవి. పేరు తెలిసికొనుటకు అవి వేడుకగ నున్నవి. తినుటకు మాత్రము వాని సాక్ష్యము చాలదు. ఆయా దేశములలో గొడుగుల నెరిగినవారి సంఘములున్నవి. వారితో అడవికి పోయి చేతితో ముట్టి నేర్చుకొనుమని మీ పిల్లలకు వ్రాయుడు.

ఎవరైనను తిని అస్వస్థులైనచో చేయవలసిన పని కొంచెమే యున్నది గాని వెంటనే చేయవలెను. 108కి పిలువుడు. మజ్జిగ, చింతపండు రసము, ఉప్పునీళ్ళు త్రాగించి కూర్చుండవద్దు. మిగిలిన గొడుగు, కోసివేసిన మొదళ్ళు, లేనిచో వండిన కూరయైనను, కాగితములో చుట్టి వైద్యుని వద్దకు కొనిపొండు. తిన్న వేళ, వాంతి మొదలైన వేళ వ్రాసికొనుడు. ఆ రెంటి నడిమి గంటలే వైద్యునకు ముఖ్యము. రెండు మూడు గంటలలో వాంతి వచ్చినచో తరచుగ అది కడుపును కలచు విషము. ఆరు గంటలు దాటి వచ్చినచో కాలేయమును గూర్చి భయపడవలెను. అయితే గంపలో రెండు జాతులు కలిసియుండవచ్చును గనుక త్వరగ వాంతి అయినదని ధైర్యము పడరాదు. అదే కూర తిన్నవారందరును, బాగుగ నున్నవారు గూడ, ఆసుపత్రికి పోవలెను. వాంతులు తగ్గినవని రోగిని ఇంటికి తెచ్చుకొనరాదు.

నేనొక చిన్న కానుకతో వచ్చితిని. నూరు పుటల అట్ట పుస్తకమొకటి గ్రంథపాలకునికి ఇచ్చుచున్నాను. మొదటి మూడు పుటలలో పోయిన వానకాలమున మన పొలములలో దొరికిన మూడు గొడుగుల పొడి ముద్రలు అతికించితిని. గులాబి చాయది ఒకటి, ఇటుక చాయది ఒకటి, పచ్చది ఒకటి. క్రింద తేదీ, కార్తె, మొలచిన చోటు, తోక పొడవు వ్రాసితిని. మిగిలిన పుటలు ఖాళీగ నున్నవి. కార్యదర్శిగారి మాతృశ్రీ మొదలుగా ఈ యూరిలో గొడుగుల నెరిగిన పెద్దమ్మలు ముగ్గురు, పిల్లలను వెంటబెట్టుకొని పుట్టల వద్దకు వచ్చుటకు సమ్మతించిరి. వారు చెప్పగా పిల్లలు వ్రాయుదురు. వ్రాత రాని వారి పేర్లు గూడ ఆ పుటలలో ఉండవలెనని నా కోరిక. మొదటి పుటలో యానాది అవ్వ అని మాత్రమే వ్రాయగలిగితిని. ఆమె అసలు పేరు నేనెన్నడును అడిగి తెలిసికొనలేదు.